రెండో బూజు

ఆఫీసులో అందరూ ఆమెను బూజక్క అనేవాళ్ళు. ముఖం మీదే అనేవాళ్ళు, ఆమె కూడా పలికేది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆమె ఇంటి ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కనే బూజు పట్టిన గులాబీ మొగ్గల డబ్బా పెట్టుకుందట. అత్తగారు అదేదో తినేదనుకుని మూత తీసి, రెండు రోజులు పాలు ముట్టలేదట. ఈ సంగతి క్యాంటీన్‌లో ఆమే నవ్వుతూ చెప్పింది. ఆ పూట నుంచి ఆ పేరు అంటుకుపోయింది.

ఆమె పని పూలమొక్కల రోగాలు కనిపెట్టడం. తోటల వాళ్ళు ఎండిన కొమ్మలు, మచ్చలు పడ్డ ఆకులు, కుళ్ళిన మొగ్గలు సంచుల్లో పెట్టుకుని తెచ్చేవాళ్ళు. ఆ రోగం ఏ బూజు వల్ల వచ్చిందో ఆమె తేల్చి చెప్పాలి. గులాబీ ఆకు మీద నల్లమచ్చ, చామంతి ఆకు వెనక తుప్పు లాంటి పొడి, లిల్లీ రేకుల మీద బూడిదరంగు నూగు లాంటివైతే చూడగానే చెప్పేసేది. కొన్నింటిని మాత్రం గాజు పళ్ళేల్లో పెంచి, మైక్రోస్కోపు కింద పెట్టి, రోజుల తరబడి కాపలా కాయాలి. పేరు సరిగ్గా తెలిస్తేనే మందు తెలుస్తుంది. పేరు తప్పితే తోట వాడు పెట్టిన ఖర్చూ, పడ్డ కష్టమూ గాలికి పోతాయి.

ఆమె గది భవనం వెనక వైపు ఉండేది. ఒక పొడవాటి బల్ల, కిటికీ పక్కన మైక్రోస్కోపు, గోడవారగా వేడిని ఒకే తీరుగా ఉంచే రెండు అలమరలు. గది తలుపు తీస్తే పెరట్లో చిన్న గాజుఇల్లు, అందులో కుండీలు. ఇంటాయన స్కూలు బస్సు నడిపేవాడు. పిల్లల్ని దింపి వస్తూ ఆమెను గేటు దగ్గర ఎక్కించుకుని, ఖాళీ బస్సులో ఇద్దరూ ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఆమెకు మనసులో ఏదైనా ఉంటే ఆ బస్సులోనే బయటికి వచ్చేది.

ఆ ఏడు ఎండాకాలంలో కార్నేషన్లు, బొకేల్లో పెట్టే ఆ కుచ్చురేకుల పూలమొక్కలు, చావడం మొదలైంది.

ఊరికి అవతల వైపు పాలిథిన్ కప్పిన షెడ్లలో చాలామంది కార్నేషన్లు వేసేవాళ్ళు. అందరికీ మొక్కలు ఒకే నర్సరీ నుంచి వచ్చేవి. నర్సరీ యజమాని వయసు మళ్ళిన మనిషి. అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆ షెడ్లలో సగం మందికి పూలసాగు నేర్పింది ఆయనే. తన దగ్గరున్న తల్లి మొక్కల నుంచి చిన్న కొమ్మలు తుంచి, వేళ్ళు పుట్టించి అమ్మేవాడు. ఇప్పుడు ఆ మొక్కలే మొదలంటా వాడి పడిపోతుంటే, రోగం నర్సరీ నుంచే వచ్చిందని తోటల వాళ్ళు తిరగబడ్డారు. "నా మొక్క బంగారం. మీ మట్టి చూసుకోండి," అన్నాడు పెద్దాయన. మాటా మాటా పెరిగి, ఎవరో ఆయన చొక్కా పట్టుకునేదాకా వచ్చింది. చివరికి పది మందీ కూర్చుని, బూజక్క పనిచేసే లేబొరేటరీ ఏం చెబితే దానికి కట్టుబడదామని అనుకున్నారు.

ఆ తోటల వాళ్ళలో బూజక్క తమ్ముడు కూడా ఉన్నాడు. టైర్ల షాపులో పని మానేసి, ఉన్నదంతా ఊడ్చి ఆ షెడ్డులో పెట్టాడు. నమూనాల సంచి బల్ల మీదికి వచ్చినప్పుడు, దాని మీద తమ్ముడి పేరు కనబడింది. వెంటనే లేబొరేటరీ పైఅధికారి పెద్దసారు గదికి వెళ్ళింది.

"సార్, ఇందులో మా తమ్ముడిది కూడా ఉంది. ఇది ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఎవరికిమ్మంటావమ్మా? గుమాస్తాకా, వాచ్‌మన్‌కా?" అన్నాడు పెద్దసారు ఫైలు నుంచి తలెత్తకుండా. "ఈ పని తెలిసింది నీకొక్కదానికే. కళ్ళకి కనబడింది రాయి, చాలు."

ఆమె కాండాలు కోసింది. లోపల గోధుమరంగు చారలు. ముక్కలు పళ్ళేల్లో పెడితే నాలుగో రోజుకల్లా దూదిలాంటి తెల్లటి బూజు, అడుగున లేత గులాబీరంగుతో, పళ్ళెమంతా కమ్మేసింది. మైక్రోస్కోపులో నెలవంకల్లాంటి గింజలు బారులు తీరి కనిపించాయి. ఫ్యూజేరియం. మట్టిలో ఉండి, వేళ్ళలోంచి ఎక్కి, మొక్కకు నీళ్ళు అందకుండా గొంతు నొక్కేసే బూజు. ఎండలు ముదిరితే దానికి పట్టపగ్గాలుండవు.

రోగం తోటల మట్టిలోంచి వచ్చిందని ఆమె రాసిచ్చింది. పెద్దసారు సంతకం పెట్టాడు. పెద్దాయన గెలిచాడు. తోటల వాళ్ళు తలలు దించుకుని మట్టి తవ్వి, అందులో రోగం చావడానికి ఆవిరి పట్టించుకునే పనిలో పడ్డారు.

తమ్ముడు ఆ సాయంత్రమే ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"అక్కా, సొంత తమ్ముడి నోట్లో మట్టి కొట్టడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

"నేను చూసింది రాశాను రా. నీ కోసం ఒకటి, ఊరి కోసం ఒకటి చూపించదు ఆ మైక్రోస్కోపు."

"మా మట్టి బాగోలేదని నువ్వు రాశావు. కిందటేడు ఇదే మట్టిలో పూలు విరగబూశాయి. అది మాత్రం ఆ మైక్రోస్కోపుకి కనబడలేదా?"

అత్తగారు మధ్యలో వచ్చి మంచినీళ్ళు ఇవ్వబోతే తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఫోను చేస్తే ఎత్తడం మానేశాడు.

వానలు పోయి చలి పడింది. ఒక ఆదివారం పొద్దున్న మరదలు ఒక్కతే వచ్చింది. చేతిలో గుడ్డసంచి. వంటింటి గడప దగ్గరే నిలబడి, మొగుడికి తెలియకుండా వచ్చానని ముందే చెప్పింది.

"వదినా, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. ఎండకే ఆ తెగులు రెచ్చిపోతుందని రాశావు కదా. ఇప్పుడు పొద్దున్నే చేతులు కొంకర్లు పోతున్నాయి. అయినా చస్తూనే ఉన్నాయేం?"

సంచిలోంచి ఒక మొక్క తీసి చేతికిచ్చింది. ఆకులు పసుపు రంగులోకి తిరగలేదు. బూడిద పూసినట్టు వెలిసిపోయి, అంచుల్లో కొంచెం ఊదారంగు. బూజక్క కూరగాయల కత్తితోనే కాండం అడ్డంగా కోసింది. కోత మధ్యలో గుండ్రంగా ముదురు గోధుమరంగు ఉంగరం. ఆమె చేయి అక్కడే ఆగిపోయింది. ఎండాకాలంలో తాను చూసిన చారలు ఇంత ముదురుగా లేవు. లేవా? లేక ఉన్నా చూడలేదా?

"ఏమైంది వదినా?"

"ఏం లేదు. నువ్వు ఇక్కడికొచ్చినట్టు ఎవరికీ చెప్పకు. వాడికి అసలే చెప్పకు."

మర్నాడు ఆమె, తమ్ముడిది లెక్కలోకి రాకూడదని, ఆ మొక్కను పక్కన పడేసింది. మిగతా తోటల వాళ్ళ దగ్గరికి తనే వెళ్ళి, ఒక్కొక్కరి షెడ్డు నుంచి కొత్తగా వాడిపోతున్న మొక్కలు తీసుకొచ్చింది. ఈసారి కింద మొదలు దగ్గర కోయకుండా, కాండం పైభాగంలో, ఇంకా పచ్చగా ఉన్న చోట కోసింది. పల్చటి బిళ్ళలు పళ్ళేల్లో పెట్టి, ఒక అలమర వేడి తగ్గించి అందులో పెట్టింది. ఫ్యూజేరియం వేగంగా పెరిగే బూజు. అది పళ్ళెం కమ్మేశాక ఎవరైనా పని అయిపోయిందనుకుని కడిగేస్తారు. ఎండాకాలంలో ఆమె కూడా అదే చేసింది. ఈసారి కడగలేదు.

చాలా పళ్ళేల్లో మొదటి వారమంతా ఏమీ రాలేదు. రోజూ అలమర తలుపు తీసి, పళ్ళేలు వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ పెట్టేది. లోలోపల ఏమీ రాకపోతే బాగుండుననే ఉంది ఆమెకు. రెండో వారం చివర్లో బిళ్ళల అంచున ఆలివ్ రంగు మచ్చలు కనిపించాయి. నూగు లేదు, దూది లేదు. చదునుగా, జిడ్డుగా, చీమ నడకతో పాకుతున్నాయి. మైక్రోస్కోపు కింద చిన్న చిన్న కూజాల్లాంటి కొమ్మలు, కూజా మూతి దగ్గర బంకలో అతుక్కుని బియ్యపు నూకల్లాంటి గింజలు. పుస్తకాలు ముందేసుకుని ఒక రోజంతా పోల్చి చూసింది. ఫియలోఫోరా.

ఇది వేరే బూజు. చల్లదనంలోనూ ఆగదు. మట్టిలో మిగలగలదు కానీ, దూరాలు ప్రయాణం చేసేది మాత్రం కొమ్మ లోపల దాక్కునే. తల్లి మొక్క పచ్చగా, నిండుగా కనిపిస్తూనే ఉంటుంది. దాని నుంచి తుంచిన ప్రతి కొమ్మా రోగాన్ని కడుపులో పెట్టుకుని వెళుతుంది. అంటే తప్పు నర్సరీది కావచ్చు.

ఆ రోజు బస్సులో ఆమె వెళ్ళి చివరి సీట్లో కూర్చుంది. ఇంటాయన అద్దంలో చూసి, "ఎవరైనా ఏమన్నా అన్నారా?" అని అడిగాడు.

"ఎవరూ అనలేదండీ. నేనే తప్పు రాశాను."

"తప్పయితే దిద్దు. అందులో ఏముంది?"

"ఏముందా? దిద్దితే లాభం ఎవరికో తెలుసా? మా తమ్ముడికి. మొదట నిజం రాసి, ఇంట్లో గొడవయ్యాక తమ్ముడి కోసం మార్చిందంటారు. నేనైనా అలాగే అనుకుంటాను."

ఆయన బస్సు నెమ్మది చేశాడు. "ఎండాకాలంలో అంత తొందరపడి ఎందుకు రాశావు మరి?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. సంచి మీద తమ్ముడి పేరు చూసిన క్షణం నుంచి, తమ్ముణ్ణి వెనకేసుకొచ్చిందనే మాట ఎవరి నోటా రాకూడదని బిగుసుకుపోయింది. నెలవంక గింజలు కనబడగానే ప్రాణం లేచొచ్చింది. తమ్ముడికి వ్యతిరేకంగా వచ్చిన జవాబు కాబట్టి అది నిజాయితీ గల జవాబే అనుకుంది. ఇంకో వారం ఆగి చూడాలని అందుకే తోచలేదు.

పెద్దసారుకు చెబితే ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రిపోర్టు వెళ్ళిపోయింది. నేను సంతకం పెట్టాను. ఇప్పుడు కాదంటే ఈ లేబొరేటరీ మాట ఇంకెవడైనా వింటాడా?"

"ఇప్పుడు ఆ నర్సరీ వచ్చే పంటకి కొమ్మలు తుంచుతోంది సార్. అవి ఎన్ని ఊళ్ళకి వెళతాయో."

"ఇందులో నీ తమ్ముడు ఉన్నాడన్న సంగతి మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అందుకే నా మాట నమ్మొద్దు. ఏది ఎవరిదో నాకు తెలియకుండా తేలే పరీక్ష ఒకటి పెడదాం."

ఆమె చెప్పిన పరీక్ష ఇది. మూడు రకాల కుండీలు. మొదటి రకంలో నర్సరీ కొమ్మలు, బాగా ఆవిరి పట్టి శుభ్రం చేసిన మట్టిలో. రెండో రకంలో దూరాన ఇంకో నర్సరీ నుంచి తెప్పించిన అదే జాతి మంచి కొమ్మలు, తోటల వాళ్ళందరి షెడ్ల నుంచి తెచ్చి కలిపిన మట్టిలో. మూడో రకంలో ఆ మంచి కొమ్మలే, శుభ్రమైన మట్టిలో. మొదటివి చస్తే రోగం కొమ్మలో ఉన్నట్టు. రెండోవి చస్తే మట్టిలో ఉన్నట్టు. మూడోవి మాత్రం చావకూడదు, చస్తే తప్పు పరీక్షదే. ఒక్కో రకానికి ఒక్కో రంగు దారం కట్టాలి. ఏ రంగు ఏదో ఆమెకు తెలియకూడదు.

"మరి ఎవరికి తెలియాలి?"

"పెద్దాయనకి."

పెద్దసారు ఆమెను ఎగాదిగా చూశాడు. "మతి ఉండే మాట్లాడుతున్నావా? రేపు తన కుండీలే చస్తే, అవి తనవి కావని ఒక్క మాట అంటాడు. అప్పుడు నువ్వేం చేస్తావు?"

"ఇంకెవరి చేతిలో పెట్టినా ఆయన నమ్మడు సార్. ఆయన నమ్మకపోతే ఆ తల్లి మొక్కలు అలాగే ఉంటాయి."

ఆయన వద్దని గట్టిగా అనలేదు, సరేనని కూడా అనలేదు. దాన్నే ఆమె సరే కింద తీసుకుంది.

నర్సరీకి ఆమె ఒక్కతే వెళ్ళింది. పెద్దాయన నీడషెడ్డులో స్టూలు మీద కూర్చుని కొమ్మలు తుంచుతున్నాడు. ఎండాకాలం నుంచి ఆయనకు ఆమె అంటే గౌరవం. ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోకుండానే సంగతి చెప్పింది. విని ఆయన ఆ కుర్చీ పక్కకి జరిపేశాడు.

"తమ్ముడు బాగా ఏడ్చాడా అమ్మా నీ దగ్గర?"

"వాడు నాతో మాట్లాడి నెలలయింది. ఈ సంగతి వాడికి తెలియదు."

"ముప్పై ఏళ్ళ నుంచి ఈ మొక్కల్ని సాకుతున్నాను. ఒక్క ఆకు వాడినా నాకు తెలుస్తుంది. చూడు, కళ్ళుండి చూడు. ఏ మొక్క రోగిష్టిది?"

తల్లి మొక్కలు వరసల్లో పచ్చగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు. ఆమెకు కూడా ఒక్క క్షణం తానే పొరపడ్డానేమో అనిపించింది.

"కంటికి కనబడదు పెద్దాయనా. కొమ్మలు మీరే తుంచండి. మీరే నాటండి, దారాలు మీరే కట్టండి. ఏ రంగు ఏదో నాకు చెప్పొద్దు, పెద్దసారుకీ చెప్పొద్దు. కుండీలకి నీళ్ళు మాత్రం నేను పోస్తాను. ఇంకొక్కటి. తేలేదాకా ఇక్కడి నుంచి మొక్క బయటికి పంపకండి."

"తేలకముందే నన్ను దోషిని చేస్తావా?"

ఆయన కత్తి కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. కుండీలు నాటడానికి వస్తానన్నాడు. మొక్కలు అమ్మే సంగతి మాత్రం ఎత్తలేదు.

చెప్పిన రోజుకి వచ్చాడు. గాజుఇంట్లో తలుపు వేసుకుని ఒక్కడే నాటాడు. తెలుపు, పసుపు, నీలం దారాలు కట్టి, కుండీలన్నీ కలగాపులగం చేసి బల్లల మీద పేర్చి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. పొద్దున్న వచ్చీ రాగానే గాజుఇంటికి వెళ్ళేది. మొక్కలన్నీ కొత్త ఆకులు వేస్తూ కళకళలాడుతుంటే ఒక్కో ఆకూ తిప్పి మళ్ళీ మళ్ళీ చూసేది. ఇంట్లో కూర వండుతూ ఉప్పు రెండుసార్లు వేసింది. "అమ్మాయ్, మా మీద కూడా ఏదో పరీక్ష పెడుతున్నట్టున్నావు," అంది అత్తగారు కంచం పక్కకి జరుపుతూ. ఇంటాయన మజ్జిగ కలుపుకుని మాట్లాడకుండా తినేశాడు.

ఈలోగా సంగతి ఎలాగో బయటికి పొక్కింది. తోటల వాళ్ళు గుంపుగా వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. మొదటి రిపోర్టు నమ్మి మట్టి తవ్విపోసుకున్నామనీ, ఇప్పుడు కాదంటే ఎలా ఊరుకుంటామనీ గట్టిగా అడిగారు. పెద్దసారు కిటికీ తలుపులు మూయించాడు. అదే వారంలో తమ్ముడు ఆమె ఇంటికి వచ్చాడు. ఈసారి ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, నువ్వు నా అక్కవే. నాకు తెలుసు నువ్వు ఊరుకోవని."

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "లోపలికి రాకు రా. పరీక్ష తేలేదాకా నువ్వు ఈ గడప తొక్కొద్దు. నీ కోసం నేనేమీ చేయడం లేదు. తేలాక నీ మట్టే పాడైందని రావొచ్చు. అప్పుడు మళ్ళీ వచ్చి తిట్టుకుందువుగాని."

వాడి ముఖం మాడిపోయింది. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి చూశాడు. ఆమె పిలవలేదు. తలుపు వేసి దానికి ఆనుకుని నిలబడిపోయింది.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక కుండీలో కింది ఆకులు వెలిశాయి. బూడిదరంగు, అంచున ఊదా. పసుపు దారం. రెండు రోజులకి ఇంకోటి, అదీ పసుపే. తర్వాత ఇక వరసగా పసుపు దారాలు తలలు వాల్చేశాయి. అంతలో ఎండ కొంచెం ముదిరింది. ఒక ఉదయం నీలం దారం కుండీల్లో రెండింట మొక్కల ఆకులు ఒక పక్కన పసుపుగా తిరిగి వాడిపోయాయి. నీలం కూడా చస్తే లెక్కంతా తారుమారు. కంగారుపడకుండా రెండు రకాల కాండాలూ విడివిడిగా కోసి పళ్ళేల్లో పెట్టింది. పసుపు దారం మొక్కల్లో ఆలివ్ రంగు బూజు, కూజాలు, నూకలు. నీలం దారం మొక్కల్లో తెల్లటి దూది, నెలవంకలు. తెల్ల దారం మొక్కలు మొగ్గలు తొడిగాయి.

రంగుల గుట్టు విప్పక ముందే ఆమె తన జవాబు గోడ మీది పలకపై సుద్దముక్కతో రాసేసింది. పసుపులో ఫియలోఫోరా. నీలంలో ఫ్యూజేరియం. తెలుపులో ఏమీ లేదు.

ఆ రోజు గదిలో పెద్దసారు, తోటల వాళ్ళ తరఫున ఇద్దరు, పెద్దాయన ఉన్నారు. తమ్ముణ్ణి రానివ్వలేదు. పెద్దాయన గాజుఇంట్లోకి వెళ్ళి ఒక్కొక్క కుండీ దగ్గరా ఆగి, దారం వేలితో పట్టుకుని చూశాడు. తిరిగొచ్చి పలక చదివాడు. అందరూ ఆయన నోటికేసి చూస్తున్నారు.

"కొంచెం మంచినీళ్ళు ఇస్తారా?"

తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. "రేపు చెబుతాను," అని చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు.

తోటల వాళ్ళిద్దరూ ఒక్కసారి లేచారు. "మాట మార్చడానికి పోతున్నాడు. పట్టుకోండి." పెద్దసారు వాళ్ళని ఆపి, బూజక్క వైపు తిరిగి, "నేను ముందే చెప్పాను," అన్నాడు. తాళంచెవి ఎవరి చేతిలో పెట్టకూడదో వాళ్ళ చేతిలోనే పెట్టినట్టయింది. ఆయన పసుపు తనది కాదంటే, ఆమె అక్కడితో అయిపోయినట్టే. తమ్ముడి కోసం అబద్ధమాడిన మనిషిగా ఆ ఊళ్ళో మిగిలిపోతుంది.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికే పెద్దాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. పక్కన ఒక గోనెసంచి. దానిలోంచి ఒక తల్లి మొక్క తీసి ఆమె ముందు పెట్టాడు. పచ్చగా, మొగ్గలతో నవనవలాడుతోంది. మొదలు దగ్గర అడ్డంగా కోసి ఉంది. కోత మధ్యలో ముదురు ఉంగరం.

"పసుపు నావి," అన్నాడు. "నీలం తోటల మట్టి."

ఆమె ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"నిన్ననే చెప్పొచ్చు కదా పెద్దాయనా. నా ప్రాణం పోయింది."

"నీ పలక చూసి ఒప్పుకోవడం వేరు. నా చేత్తో నేను కోసి చూడాలి కదమ్మా. కోశాను. ఒక వరసంతా కోశాను. కిందటేడు ఒక పెద్ద నర్సరీ నుంచి కొత్త తల్లి మొక్కలు కొన్నాను, వాటితోనే వచ్చి ఉంటుంది. నేను గుర్తుపట్టలేకపోయాను." మొక్కను మళ్ళీ గోనెసంచిలో పెడుతూ, "నువ్వు వచ్చి వెళ్ళిన రోజు నుంచి ఒక్క మొక్క బయటికి పంపలేదు. నమ్మి కాదు. భయపడి," అన్నాడు.

ఆ వారంలోనే తల్లి మొక్కలన్నీ పీకించి కాల్పించాడు. తోటల వాళ్ళు చూడ్డానికి వెళ్ళారు. కొట్టడానికి వెళ్ళిన వాళ్ళు కూడా ఆ మంట ముందు ఆయన నిలబడ్డ తీరు చూసి, ఏమీ అనకుండా తిరిగొచ్చారు.

బూజక్క రెండో రిపోర్టు రాసింది. షెడ్లలో చచ్చిన మొక్కల్లో ఎక్కువ భాగం కొమ్మల్లో వచ్చిన ఫియలోఫోరా వల్లనే అనీ, ఆవిరి అడుగుదాకా పట్టని మట్టిలో ఫ్యూజేరియం కూడా ఇంకా ఉన్న మాట నిజమే అనీ, వేగంగా పెరిగే బూజును చూసి నెమ్మదిగా పెరిగేదాని కోసం ఆగకపోవడం మొదటి రిపోర్టు రాసిన తన పొరపాటనీ రాసింది. పెద్దసారు ఆ చివరి వాక్యం తీసేయమన్నాడు. ఆమె తీయలేదు. ఆయన రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని, చివరికి సంతకం పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం ఆమెతో పని ఉంటే గుమాస్తా చేత కబురు పంపేవాడు గానీ నేరుగా పిలిచేవాడు కాదు.

తమ్ముడు మరదలిని వెంటబెట్టుకుని వచ్చాడు. "నేను మొదట్నుంచీ చెప్పలేదా?" అని మొదలుపెట్టబోతే ఆమె చేత్తో ఆపింది.

"పూర్తిగా విను. ఎండాకాలంలో నీ మొక్కల్లో వచ్చిన తెల్ల బూజు నీ మట్టిలోనూ ఉంది. కొత్త మొక్కలు ఎంత మంచివి తెచ్చినా ఎండాకాలానికి మళ్ళీ చస్తాయి. ఆ మట్టిలో కార్నేషన్ వేయకు. చామంతి వేసుకో, ఆ బూజు దాని జోలికి పోదు."

ఒకవైపు గెలిచి ఇంకోవైపు ఓడిన మనిషి ఏం మాట్లాడాలో వాడికి తెలియలేదు. మరదలే అందుకుని, "చామంతి నారు ఎక్కడ దొరుకుతుంది వదినా?" అని అడిగింది. చామంతి వేశారు. పూలు బాగానే వచ్చాయి. కానీ అక్కాతమ్ముళ్ళ మధ్య పాత చనువు రావడానికి చాలా రోజులు పట్టింది. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడిన సంగతి వాడు మర్చిపోలేదు. మర్చిపొమ్మని ఆమె అడగలేదు.

ఇంకొన్నాళ్ళకి పెద్దాయన మళ్ళీ నర్సరీ తెరిచాడు. కొత్త తల్లి మొక్కలు తెప్పించి, ఒక్కటి కూడా నాటకముందే కొమ్మలు కోసుకుని లేబొరేటరీకి పట్టుకొచ్చాడు. బూజక్క పళ్ళేల్లో పెట్టింది. ఆయన వారానికోసారి వచ్చి, కిటికీ పక్కన స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

"ఏమన్నా వచ్చిందా అమ్మా?"

ఆమె పళ్ళెం వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమీ రాలేదు."

"అయితే నాటేసుకోనా?"

"ఇంకో రెండు వారాలు ఆగండి," అంది, పళ్ళెం మళ్ళీ అలమరలో పెడుతూ.